కిటికీ గట్టు మీది తెలుపు

మా ఆవిడకీ నాకూ ముప్ఫై ఏళ్ళుగా తెగని తగువు ఒకటుంది. మా అమ్మాయి ఏడాది లోపు పిల్లగా ఉన్నప్పుడు నేను తీసిన నలుపు తెలుపు ఫొటో గురించి. అందులో పిల్ల మా పడగ్గది కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి కిటికీ గట్టు మీద ఆనించి, ఇంకో చెయ్యి నోట్లో పెట్టుకుని, నా వైపు తిరిగి చూస్తోంది. వెలుతురు ఒక పక్కనుంచి పడుతోంది. ఫొటోలు తీసి బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలాంటి వెలుతురు కావాలంటే దొరికేది కాదు. మా ఆవిడ మాత్రం ఆ ఫొటో కనబడినప్పుడల్లా ఒకటే పాట.

"తానం పొయ్యనేదు, జుట్టు దువ్వనేదు, కాటుకెట్టనేదు. పిల్లని ముస్తాబు సేసే దాకా ఆగితే ఏటైపోయిందండీ మీకు?"

"కాటుకెట్టనేదంటావేటి? మూతి పక్కని నల్లగా అగుపడ్డం నేదా? నువ్వెట్టిందే, అది సెరుపుకుంది."

"నానెట్టనేదు."

అక్కడితో ఆగేది. మళ్ళీ ఎవరైనా చుట్టాలొచ్చి ఆల్బమ్ తిప్పితే మొదలయ్యేది. ఇద్దరిలో ఒక్కరం కూడా తగ్గలేదు. నేనైతే సాక్ష్యం చేతిలో పెట్టుకుని తగ్గడమేమిటని మొండికేసేవాణ్ణి.

ఆ అమ్మాయికి ఈమధ్యే ఏడో నెల వచ్చింది. పెళ్ళైన చాలా కాలానికి నిలిచిన కడుపు. అల్లుడి ఉద్యోగం ఊళ్ళోనే కాబట్టి ఇద్దరూ గోపాలపట్నంలో కాపురం ఉంటున్నారు. వియ్యాలవారు ఎలమంచిలిలో వ్యవసాయం చేసుకునేవాళ్ళు. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలి, అందులో ఎవరికీ రెండో మాట లేదు. కడుపు నిలిచిందని తెలిసిన రోజునుంచే మా ఆవిడ పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ వెంటనే నా మీద పడింది.

"ఆ గది కాళీ సేసియ్యండి. దాని పురుటికి ఆ గదే. గాలొత్తాది."

ఆ గది అంటే ఫొటోలోని గదే. పూర్ణా మార్కెట్ దగ్గర నాకొక చిన్న స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక దాన్ని మూసేసి, సామానంతా ఇంటికి తెచ్చి ఆ గదిలో సర్దుకున్నాను. ఇప్పుడు అక్కడ పెద్ద ప్రింటరు ఒకటి పెట్టుకుని, ఇంకా నలుపు తెలుపు అంటే పడిచచ్చే నలుగురైదుగురికి ఫొటోలు అచ్చు వేసిస్తుంటాను. సరే ఖాళీ చేస్తాను గానీ, ఆ ముందు ఒక్క పని ఉందన్నాను. మా అమ్మాయి ఫొటోని పెద్దది చేసి, బారసాల నాటికి ఉయ్యాల ఎదురుగా గోడకి తగిలించాలని నా కోరిక. అదే గది, అదే కిటికీ, ఒక గోడ మీద తల్లి, ఎదురుగా ఉయ్యాల్లో బిడ్డ. ఆ ఊహ వచ్చినప్పుడు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

నలుపు తెలుపు ఫొటోని ఇంకు ప్రింటరు మీద అచ్చు వెయ్యడం మీట నొక్కినంత సులువనుకుంటారు. నొక్కి చూడండి. ఒకసారి ఆకుపచ్చ జీర వస్తుంది, ఇంకోసారి వంకాయరంగు జీర. అది పోవడానికి రంగులన్నీ తీసేసి నలుపు, ముదురు బూడిద, లేత బూడిద ఇంకులు మాత్రమే పోసుకున్నాను. అప్పుడు ఇంకో తంటా. నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలు మెట్లు మెట్లుగా దిగాలి. ప్రింటరుని దాని ఇష్టానికి వదిలేస్తే నాలుగు మెట్లు కలిసి ఒక్కటైపోతాయి, ఇంకోచోట మెట్టు విరిగి గొయ్యి పడుతుంది. అందుకని ముందు ఒక పట్టీ అచ్చు వేస్తాం. ఒక చివర ఉత్త కాగితం తెలుపు, రెండో చివర కటిక నలుపు, మధ్యలో వరసగా గళ్ళు. అది బాగా ఆరాక ఒక్కో గడి మీద కొలిచే పరికరం ఆనిస్తే ఆ గడి ఎంత నల్లగా ఉందో అంకె చెబుతుంది. అంకెలు సమంగా పెరగని చోట కంప్యూటరులో దిద్దుకుని మళ్ళీ పట్టీ వేస్తాం. సరిపడేదాకా అదే పని. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. మా ఆవిడ గళ్ళాట అంటుంది.

పట్టీ ఆరడానికి కిటికీ కింద బల్ల మీద పెట్టేవాణ్ణి. గాలికి ఎగరకుండా పాత లెన్సు మూత ఒకటి దాని మీద బరువుగా ఉంచేవాణ్ణి. మొదటిసారి కొలిస్తే అంకెలు ముచ్చటగా వచ్చాయి. ఆ మధ్యలో ఎలమంచిలిలో వియ్యాలవారింటికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి, ఓసారి సరిచూసుకుందామని అదే పట్టీని మళ్ళీ కొలిచాను. నల్లవైపు గళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. తెల్లవైపు గళ్ళు ముదిరాయి. అసలు ఇంకే పడని ఖాళీ కాగితం కూడా ఒక మెట్టు కిందికి దిగి కూర్చుంది. ఇంకు వెలవడం నాకు తెలుసు, ఎండకి వెలిసి లేతబడుతుంది. ఇంకు పడని చోటు నల్లబడడం నా అనుభవంలో లేదు.

కాగితం అమ్మినతనికి ఫోను చేసి దులిపేశాను. పాత స్నేహం కాబట్టి అతను పడ్డాడు గానీ ఊరుకోలేదు.

"బావా, అదే కాయితం ఊరంతా కొంటన్నారు. ఒక్కడు ఫోన్ సెయ్యనేదు. నీ మిసనే ఏటో సేత్తన్నాది, సూసుకో."

ప్రింటరు తల శుభ్రం చేశాను. కొలిచే పరికరం అద్దం తుడిచాను. కొత్త పెట్టె విప్పి కొత్త పట్టీ వేశాను. మళ్ళీ అదే తీరు. వేసిన పూట బాగుంటుంది, బల్ల మీద నిలవుంటే తెలుపు దిగుతుంది. దిద్దిన అంకెలన్నీ తప్పుల మీద దిద్దినవే అయ్యాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో మా ఆవిడ కాఫీ తెచ్చి గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం విసుగొచ్చి పట్టీని చింపేద్దామని లెన్సు మూత తీశాను. దాని కింద గుండ్రంగా తెలుపు. పెట్టె విప్పినప్పటి తెలుపు. దాని చుట్టూ ఉన్నది తెలుపు కాదని అప్పుడు తెలిసింది. వేలితో పక్కన రుద్దాను. వేలు నల్లబడింది.

కాగితం తప్పూ లేదు, ఇంకు తప్పూ లేదు. నా కంటికి కనబడనిది ఏదో పగలూ రాత్రీ దాని మీద రాలుతోంది.

నల్లదుమ్ము మా పాతపేట వాళ్ళకి కొత్తేమీ కాదు. ఇక్కడ ఇల్లు పొద్దున్నోసారి, సాయంత్రమోసారి తుడుస్తారు. మేడ మీద ఆరేసిన బట్టలు దులపకుండా ఎవరూ మడతపెట్టరు. అది రేవులో దింపే బొగ్గంటారు కొందరు, ఇనుపరజను అంటారు కొందరు, లారీల పొగంటారు ఇంకొందరు. తేల్చేవాణ్ణి నేను కాను. కానీ అది వీధి వైపు గదుల్లో పడుతుందని, ఈ గదికి రాదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఈ కిటికీ సముద్రం వైపుకి. దీన్ని తెరిస్తే రేవులో ఓడలు, క్రేన్లు, వాటి వెనక కొండ కనబడతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి తోసుకొస్తుంది. వచ్చిన చుట్టాలంతా ఈ గదిలోనే కూర్చుని, "అబ్బ, ఏం గాలండీ," అని మెచ్చుకుని వెళ్ళేవారు. మేమూ అది మా గొప్పే అన్నట్టు నవ్వేవాళ్ళం.

తెల్ల కాగితం ముక్కలు కోసి వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి, దేవుడి గూటి పక్కన ఒకటి, కిటికీ కింద ఒకటి పెట్టాను. కొన్నాళ్ళు ఆగి అన్నిటినీ కొలిచాను. వంటింట్లోది కాస్త మాసింది. హాల్లోది ఇంకాస్త. కిటికీ కిందది అన్నిటికన్నా ముదురు. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. తల పైకెత్తితే కప్పులో ఉయ్యాల కొక్కెం కనబడింది. మా అమ్మాయిని ఊపిన కొక్కెం, తుప్పు గోకి మా ఆవిడ కొత్తగా రంగు వేయించింది. ఆ కాగితం ముక్క సరిగ్గా దాని కింద ఉంది. నాకు భయం వేసింది. ప్రింటరు మాటే మర్చిపోయాను.

మా ఆవిడతో చెప్పాను. చెప్పడం చేతకాక అంకెలు చెప్పాను.

"ఏటి, నాను ఇల్లు సరిగ్గా తుడవనంటారా?" అంది.

"అది కాదు. తుడిసినా వత్తన్నాది. గాల్లో ఉంది. పసిగుడ్డు ముక్కు ఎంతుంటాది సెప్పు. పురుడిక్కడొద్దేమో."

"తొలి పురుడు పొయ్యనేక అత్తోరింటికి తోలీసినారంటారు. ఆళ్ళత్తగారు అడిగితే ఏటి సెప్పమంటారు? కాయితం ముక్క నల్లబడిందని సెప్పనా? నవ్విపోతారు."

నిజంగానే నవ్వుతారు. నేను డాక్టర్ని కాను. నా దగ్గరున్నదల్లా ఒక కాగితం ముక్క, దాని మీద ఒక అంకె. ఆ అంకెకి ఒక పసిదాని ఊపిరితో ఏమిటి సంబంధమని ఎవరైనా నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ ఆ గదిని మూడుసార్లు కడిగించింది. నేను కిటికీ రెక్కలు మూసి, సందులన్నిటికీ వెడల్పాటి టేపు అంటించాను. గది ఉక్కతో ఉడికిపోయింది. ఓడ కూత వేస్తే అద్దాలు మాత్రం ఎప్పటిలాగే అదిరేవి. మూసిన గదిలో కొత్త కాగితం పెట్టి, ఆగి, కొలిచాను. నెమ్మదిగా నల్లబడుతోంది, అంతే. ఆగలేదు.

ఆ ఆదివారం అమ్మాయి వచ్చింది, గది ఎలా సర్దుతున్నామో చూసుకుందామని. వస్తూనే టేపు చూసి నవ్వింది.

"ఇదేటి నాన్నా, కిటికీకి కట్టు కట్టేసినారు? ఈ గాలి కోసమే కదా నానొచ్చేది." నేను వద్దనేలోగా గోటితో టేపు పీకి రెక్కలు తెరిచేసింది. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. కళ్ళు మూసుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని, హాయిగా కూర్చుంది. దాని మొహం చూస్తే ఏమీ చెప్పబుద్ధి కాలేదు.

అన్నాలయ్యాక అదే గదిలో నడుం వాల్చింది. కాసేపటికి లేచి సంచీలోంచి ఆయాసం పంపు తీసుకుని పీల్చింది. చిన్నప్పుడు దానికి ఊపిరిలో పిల్లికూతలుండేవి. ఐసు తినడం వల్లనుకున్నాం, మంచులో ఆడడం వల్లనుకున్నాం. పెళ్ళై గోపాలపట్నం వెళ్ళాక తగ్గిపోయింది. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం ఒక్కోసారి తిరగబెడుతుంది.

"పుట్టింటికొత్తే సాలు, దీనికి ఆయాసం గుర్తొచ్చీత్తాది. గారాలు," అంది మా ఆవిడ. ఎప్పుడూ అనే మాటే. తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఎప్పుడూ నేనూ కలిసేవాణ్ణి. ఆ రోజు లేచి వెళ్ళి కిటికీ మూశాను.

అమ్మాయి వెళ్ళిపోయాక ఏం చెయ్యాలో తోచక పనిలో పడ్డాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. కాగితాన్ని పెట్టెలోంచి తీసిన వెంటనే అచ్చు వేసి, పట్టీని మూతున్న డబ్బాలో పెట్టి ఆరబెట్టడం మొదలుపెట్టాను. దాంతో అంకెలు దారికొచ్చాయి. దిద్దాను, మళ్ళీ వేశాను, మళ్ళీ దిద్దాను. చివరికి తెలుపు నుంచి నలుపు దాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా దిగింది. ఇంకోరోజైతే వీధంతా పిలిచి చూపించేవాణ్ణి. ఆ రోజు ఎవరినీ పిలవలేదు. పాత నెగెటివు స్కాన్ చేసి, ప్రింటరులో పెద్ద కాగితం పెట్టాను.

ఆల్బమ్‌లో ఉన్న ఫొటో నేను స్టూడియో చీకటిగదిలో కడిగింది. అప్పట్లో చేతికి దొరికిన కాగితం మధ్య ఛాయలు పట్టని రకం. వెలుతురు పడ్డచోటల్లా సున్నం కొట్టినట్టు తెల్లగా, నీడ ఉన్నచోటల్లా మసిగా తేలేది. అందులో కిటికీ గట్టు ఉత్త తెలుపు. పిల్ల మూతి పక్కన ఒక నల్ల మచ్చ. నెగెటివులో అంతకంటే ఎక్కువే ఉంటుందని తెలుసు. ఎంతుందో ఎప్పుడూ చూడలేదు.

ప్రింటరు ఫొటోని పైనుంచి కిందికి బయటికి నెడుతుంది. ముందు కిటికీ ఊచలు వచ్చాయి, తర్వాత పిల్ల జుట్టు, కళ్ళు. బాగుంది అనుకున్నాను. నోరు వచ్చింది. నోట్లో ఉన్న వేళ్ళు వచ్చాయి. ఆల్బమ్‌లో ఒకే మసిగా ఉన్న ఆ చోటు ఇప్పుడు విడివిడిగా కనబడుతోంది. మూతి పక్కన మచ్చ కాదది. తడి వేళ్ళ చుట్టూ, పెదవుల చుట్టూ, చొంగతో కలిసి గడ్డం దాకా కారిన నలుపు. తర్వాత కిటికీ గట్టు వచ్చింది. అది తెలుపు కాదు. సన్నగా, సమంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న బూడిదరంగు. దాని మీద అయిదు చిన్న గీతలు. పిల్ల అరచెయ్యి ఆనించి లాక్కున్నంత మేర కింద సున్నం తెల్లగా కనబడుతోంది.

ఆ ఫొటో తీసిన పొద్దున్న కూడా మా ఆవిడ ఆ గట్టు తుడిచే ఉంటుంది. రోజూ తుడిచేది.

ఫొటో పూర్తిగా బయటికొచ్చినా నేను తీసుకోలేదు. గది ఎప్పుడు ఖాళీ చేస్తారని అడగడానికి మా ఆవిడ వచ్చింది. అడగబోయి, ఫొటో చూసి ఆగింది. కళ్ళజోడు పెట్టుకుని ట్రేలోంచి తనే తీసి వెలుతురులో పట్టుకుంది. ముందు ముచ్చటపడింది, దాని ముక్కు చూడండి అంది. ఆ తర్వాత కళ్ళు కిందికి దిగాయి. ఫొటోలోని గట్టు చూసింది, కిటికీ దగ్గరికి వెళ్ళి అసలు గట్టు చూసింది. పొద్దున్న కడిగించిన గట్టే. దాని మీద తన అరచెయ్యి ఆనించి, లాగి, తిప్పి చూసుకుంది. ఆ చెయ్యి నాకు చూపించలేదు.

"నానెట్టనేదని సెప్పేను కదండీ కాటుక," అంది.

ముప్ఫై ఏళ్ళ తగువులో గెలిచిన మనిషి గొంతు కాదది. నాకు వినబడీ వినబడనట్టు ఉంది.

"ఐసు తిందని కొట్టేను దాన్ని," అంది మళ్ళీ. "రేత్రల్లా ఎగపోత్తంటే ఈ కిటికీ దగ్గిరికే తీసుకొచ్చి కూకోబెట్టీదాన్ని. గాలాడుతాదని."

నేను ఏదో అన్నాను. ఇదొక్కటే కారణమని ఎవరు చెప్పగలరు, అలాంటిదేదో. ఆవిడ వినలేదు. మంచం మీద మడతలు పెట్టి ఉంచిన నూలు గుడ్డల దొంతర తీసి ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి కట్టేసింది. "నానే ఎల్తాను దానింటికి. అక్కడే పురుడోత్తాను. ఎవులేటనుకుంటే నాకేటి," అంది. అని, నిలబడే అమ్మాయికి ఫోను చేసింది.

"అమ్మా, నువ్విక్కడికి రావద్దు."

ఫోను స్పీకరులో ఉంది. అమ్మాయి ముందు నవ్వింది. వాళ్ళమ్మ నవ్వకపోయేసరికి ఆగిపోయింది.

"అదేటమ్మా? నానేటి సేసేను?"

 మా ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, ఫొటోని బల్ల మీద బోర్లించి, గదిలోంచి వెళ్ళిపోయింది. తొలి పురుటికి పుట్టింటికి రావద్దని కన్నతల్లి చేత చెప్పించిన కారణాన్ని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియలేదు. అవతల అమ్మాయి జవాబు కోసం చూస్తోంది. దాని ఊపిరి ఫోనులో తెలుస్తోంది. ఏ పిల్లికూతా లేదు.